గ్రహభీతియు గ్రహగణితమును

ప్లవనామ సంవత్సర పుష్య బహుళ అమావాస్య, అనగా 1962వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీ, మన దేశమున పెద్దలు చాలకాలము మరువని దినము. అంతకు రెండు దినములు ముందునుండియు సూర్యచంద్రులు, కుజ బుధ గురు శుక్ర శనులు, వారితో కేతువు, మొత్తము ఎనిమిది గ్రహములు మకరరాశియందు కూడియుండెను. ఆ అమావాస్యనాడే సూర్యగ్రహణము సంభవించెను. దాని సంపూర్ణగ్రాసము మాత్రము బోర్నియో, న్యూగినీ, పసిఫిక్ మహాసముద్రప్రాంతములకే పరిమితమాయెను. అష్టగ్రహకూటమి యను మాట కొన్ని నెలలపాటు ఇంటింట వినబడెను. ప్రళయము తప్పదని కొందరును, రాజ్యములు కూలునని కొందరును జోస్యము చెప్పిరి. ఢిల్లీ మొదలుకొని పల్లెలవరకు యజ్ఞములు, హోమములు, నామసంకీర్తనలు జరిగెను. ప్రధాని నెహ్రూ దీనిని నవ్వి త్రోసిపుచ్చెను. ఖరగ్‌పూరువంటి రైల్వే పట్టణమున ప్రతి తెలుగు గృహస్థునకును రెండు కాలగణనలు తెలియును: ఇంటిగోడకు వ్రేలాడు పంచాంగ మొకటి, కచేరిలోని టైంటేబులు మరియొకటి. ఫిబ్రవరి 6వ తేదీన సూర్యుడు యథాప్రకారము ఉదయించెను, రైళ్లు నడిచెను.

ఆనాడు భయపడినవారిని చూచి నవ్వుట సులభమే. కాని ఆ భయము ఎంత పాతదో తెలిసినచో నవ్వు కొంత తగ్గును. క్రీ. పూ. 3వ శతాబ్దారంభమున బాబిలోను నగరమందు మర్దూకు దేవుని అర్చకుడైన బెరోసస్ అను పండితుడుండెను. ఇతడు తన దేశచరిత్రను గ్రీకుభాషలో వ్రాసెను. ఆ గ్రంథము పూర్తిగా దక్కలేదు. ఇతరులు ఉదాహరించిన భాగములే మిగిలినవి. రోము తత్త్వవేత్త సెనెకా ఇతని అభిప్రాయము నొకదానిని చెప్పియున్నాడు. గ్రహములన్నియు కర్కాటకరాశియందు ఒకే వరుసగా కూడినపుడు లోకము అగ్నిచే దహింపబడును. మకరరాశియందు కూడినపుడు జలప్రళయము కలుగును. మకరమనియే అతడనినాడు! రెండువేల రెండువందల యేండ్ల వెనుక యూఫ్రటీసు నదీతీరమున పుట్టిన భయము, 1962లో గంగాగోదావరీ తీరములందు ఇంకను సజీవముగా నుండెను. ఇందొక చిక్కు మాత్రము కలదు. మన నిరయనగణనచే మకరమందున్న ఆ గ్రహములే పాశ్చాత్యుల సాయనగణనచే కుంభమందుండెను. బెరోసస్ చెప్పిన ప్రళయము రాదలచుకొన్నను, ముందు ఏ పంచాంగము ననుసరింపవలెనో నిశ్చయించుకొనవలసి యుండెను.

బెరోసస్ లెక్కలలో మన చెవికి తెలిసిన సంఖ్య యొకటి కలదు. జలప్రళయమునకు పూర్వము పదిమంది రాజులు 4,32,000 సంవత్సరములు పాలించిరని అతడు వ్రాసెను. మన కలియుగ ప్రమాణము సరిగా 4,32,000 సంవత్సరములే. ఎవరినుండి ఎవరు గ్రహించిరి, లేక ఎవరికి వారే కల్పించుకొనిరా యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. అరువదిని అరువదిచే రెండుసార్లు హెచ్చించి, రెట్టింపు చేసిన సంఖ్య ఇది. అరువదిచే లెక్కించుట బాబిలోనియనుల అలవాటు. గడియకు అరువది విగడియలు లెక్కించుట మనది.

బాబిలోనియనులకు ఆకాశము దేవతల వ్రాతప్రతి. శుక్రుడు ఇష్తారు దేవి, గురుడు మర్దూకు, కుజుడు యుద్ధములకును మారకములకును అధిపతియైన నెర్గాలు, బుధుడు లేఖకుల దేవుడైన నబూ, శని నినూర్త. చంద్రగ్రహణకాలమున ఏడు దుష్టభూతములు చంద్రదేవుడైన సీనును చుట్టుముట్టునని వారి కథ. మన రాహువు ఒక్కడు, వారికి ఏడుగురు. ఆకాశశకునములను కూర్చిన వారి మహాసంపుటము ‘ఎనూమ అను ఎన్‌లిల్’ సుమారు డెబ్బది మృత్ఫలకముల గ్రంథము. ఫలానా మాసమున ఫలానా తేదీన గ్రహణము పట్టినచో ఫలానా రాజు మరణించును అని వేలకొలది శకునములు అందు కలవు. చంద్రబింబమును నాలుగు భాగములుచేసి, ఒక్కొక్కటి ఒక్కొక్క దేశమునకు కేటాయించిరి. ఏ భాగము చీకటిపడినచో ఆ దేశమునకు కీడు. గ్రహణసమయమున గురుడు కనబడుచున్నచో రాజునకు ఆపద లేదు.

ఆపద ఉన్నచో చేసిన ఉపాయము భయంకరమైనది. అస్సీరియా రాజులు అట్టి గ్రహణము పట్టినపుడు ఒక సామాన్యుని సింహాసనముపై కూర్చుండబెట్టి, రాజవస్త్రములు తొడిగి, నూరు దినములవరకు అతనినే రాజుగా చూపెడివారు. నిజమైన రాజునకు ఆ కాలమున వచ్చు జాబులలో రాజపదము వాడరు. ‘వ్యవసాయదారునకు’ అని వ్రాసెడివారు. గడువు తీరగానే ప్రతినిధిరాజు చంపబడును. శకునము నిజమైనట్లును, రాజు బ్రతికినట్లును అగును. క్రీ. పూ. 7వ శతాబ్దమున ఎసర్‌హద్దోను రాజు కాలమున ఇట్లు జరిగినట్లు ఆస్థాన జ్యోతిష్కుల జాబులే సాక్ష్యము. ఆకాశభీతి ఒకప్పుడు మనుష్యప్రాణమును గొన్న సంగతి ఇది. కావున దానిని కేవలము వేడుకకథగా చదువరాదు.

కాని అదే భయము మరియొక పనియు చేయించెను. అస్సీరియా రాజధాని నినెవేలో అషుర్‌బనిపాలు రాజు సేకరించిన మహాగ్రంథాలయపు శిథిలములలో ఒక ఫలకము దొరకెను. మేకులను బోలిన క్యూనిఫారం అక్షరములతో వ్రాయబడిన ఆ ఫలకము నేడు లండను బ్రిటిష్ మ్యూజియమున కలదు. పైన చెప్పిన శకునసంపుటములో అది 63వది. దానిని 1870లో రాలిన్‌సన్, జార్జి స్మిత్ అనువారు ప్రకటించిరి. అందు ఇరువదియొక్క సంవత్సరముల శుక్రగ్రహవృత్తాంతము కలదు. ఫలానా మాసము ఫలానా దినమున శుక్రుడు పడమట అస్తమించెను. ఇన్ని దినములు కనబడలేదు. ఫలానా దినమున తూర్పున మరల కనబడెను. ఆ వెనుక ఫలము: వానలు పడునని, పంట పండునని, రాజులు ఒండొరులకు మైత్రీసందేశమో వైరసందేశమో పంపుదురని. మన ఆడపడుచుల వివాహములకు ముహూర్తము పెట్టునపుడు పురోహితుడు మొట్టమొదట చూచునది ఏమి? శుక్రమౌఢ్యమి. మూఢములో పెండ్లి చేయరాదు. నినెవే ఫలకము ఇరువదియొక్క సంవత్సరముల శుక్రమూఢముల పట్టిక. తెలుగు గృహిణికి దీనిని బోధించుటకు పాశ్చాత్యపండితుని సహాయ మక్కరలేదు.

ఈ పట్టిక ఏ కాలమునాటిది? 1912లో కూగ్లరు అను జెస్యూటు పండితుడు దీనిని సాధించెను. పట్టికమధ్యమున ఎనిమిదవ యేటికెదురుగా శుక్రునితో సంబంధములేని మాట యొకటి కలదు: స్వర్ణసింహాసన సంవత్సరము. బాబిలోను రాజులు ఏడాదికి ఆ యేటి ముఖ్యకార్యమునుబట్టి పేరు పెట్టెడివారు. ఆ పేరు హమ్మురబికి నాలుగవ వారసుడైన అమ్మిసదూకరాజు ఎనిమిదవ పాలనాసంవత్సరమునకు చెల్లును. ఆ రాజు పాలించినది ఇరువదియొక్క సంవత్సరములే. కావున నినెవేలో దొరకినది క్రీ. పూ. 7వ శతాబ్దపు ప్రతియైనను, మూలము దాదాపు క్రీ. పూ. 17వ శతాబ్దమునాటిదని పండితులలో చాలమంది తలంతురు.

శుక్రుడు ఒకమారు ఉదయించి మరల అట్లే ఉదయించుటకు సుమారు 584 దినములు పట్టును. ఐదు పర్యాయములకు 2,920 దినములు. ఎనిమిది సౌరసంవత్సరములును అంతియే. చాంద్రమాసములలో అది తొంబదితొమ్మిది మాసములకు నాలుగు దినములు తక్కువ. కావున ఎనిమిదేండ్లకొకమారు శుక్రుడు అదే మాసమున, నాలుగు దినములు ముందుగా, అదే విధముగా మూఢములో పడును. అమ్మిసదూక ఫలకమున ఈ ఎనిమిదేండ్ల ఆవృత్తి స్పష్టముగా కనబడుచున్నది. ప్రతులు వ్రాసినవారి తప్పులు చాల కలవు; కొన్ని తేదీలు అసంభవములు. అయినను నేటి శుక్రుని నడకయు, ఆ ఫలకపు శుక్రుని నడకయు ఒక్కటే.

ఈ సంగతి ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. 1950లో అమెరికాలో ఇమ్మాన్యుయేల్ వెలికోవ్‌స్కీ అను వైద్యుడు ‘వరల్డ్స్ ఇన్ కొలిజన్’ అను పుస్తకము ప్రకటించెను. శుక్రుడు గురుగ్రహమునుండి వెడలిన తోకచుక్కయట; క్రీ. పూ. 1500 ప్రాంతమున భూమిని సమీపించి సముద్రములను చీల్చి, పర్వతములను కరగించెనట, పిదప క్రీ. పూ. 8, 7 శతాబ్దములలో కుజుడు వచ్చి ఆ పని కొనసాగించెనట. ఈ ఉత్పాతములలో కడపటిది క్రీ. పూ. 687లో జరిగినదని అతని లెక్క. పురాణములన్నియు ఈ ప్రళయముల జ్ఞాపకములే యని అతని వాదము. పూర్వపు హిందూగ్రహపట్టికలలో శుక్రుడు లేడనియు అతడు వ్రాసెను. ఆ పుస్తకము వేలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. శాస్త్రజ్ఞుల ఒత్తిడివలన మొదటి ప్రకాశకులు దానిని వేరొక సంస్థకు వదలుకొనిరి. ఈ చర్య వెలికోవ్‌స్కీకి మేలుచేసినదే గాని కీడుచేయలేదు. అణచబడిన సత్యమను కీర్తి పుస్తకమునకు దక్కెను. ఖండింపవలసినది వాదముతో.

వాదము సిద్ధముగానే యున్నది. క్రీ. పూ. 3000 ప్రాంతపు ఉరుకు నగర ఫలకములలోనే ఉదయపు ఇనన్న, సాయంకాలపు ఇనన్న అని శుక్రదేవతకు వేరువేరు ఉత్సవములు కనబడుచున్నవి. అమ్మిసదూకుని కాలమును ఎంత తగ్గించి లెక్కించినను అది క్రీ. పూ. 1500కు ముందే యగును. అప్పటికే శుక్రుడు నేటివలె ఎనిమిదేండ్ల చక్రమున తిరుగుచుండెను. ఫలకమందలి తప్పుతేదీలను పట్టుకొని వెలికోవ్‌స్కీ శుక్రుడు దారితప్పెననెను. తప్పినది శుక్రుడు గాదు, లేఖకుని చేయి. గ్రీకు జ్యోతిష్కుడు టాలెమీ వాడిన బాబిలోను గ్రహణములలో మొదటిది క్రీ. పూ. 721 మార్చి నెలలోని చంద్రగ్రహణము. నేటి గణితముచే వెనుకకు లెక్కించినను అది అక్కడనే దొరకుచున్నది. నడుమ 687లో భూమి తలక్రిందులై యుండినచో ఇట్లు దొరకునా? మన కలియుగాది గ్రహస్థితి మాటకు వచ్చినచో, అది ఆనాడు ఎవరో కన్నులార చూచి వ్రాసినది గాదు. అనేక శతాబ్దములకు పిమ్మట సిద్ధాంతకర్తలు వెనుకకు గుణించి తెచ్చినది. దానిలో ఎవరున్నారు, ఎవరు లేరు అని వెదకుట వ్యర్థము.

పురాణము ప్రళయమునకు పత్రికావిలేఖరి వ్రాసిన వార్త గాదు. రాత్రులు మేలుకొని ఆకాశమును కాచినవారు తాము చూచినదానిని చెప్పుకొన్న భాష అది. ఆ కావలి ఎట్టిదో బాబిలోను దినచర్యాఫలకములు తెలుపును. దొరికినవానిలో మొదటిది క్రీ. పూ. 652 నాటిది, కడపటిది క్రీ. పూ. 61 నాటిది. దాదాపు ఆరువందల సంవత్సరములు, రాజవంశములు మారినను, పారసీకులు వచ్చినను, అలెగ్జాండరు వచ్చినను, ఆ లేఖకులు ప్రతిరాత్రి చంద్రుని, గ్రహములను, మేఘములను, నదీజలమట్టమును వ్రాయుచునే యుండిరి. ట్రైన్ రిజిస్టరు వ్రాయు స్టేషనుమాస్టరునకు ఈ స్వభావము సుపరిచితము: బండి సకాలమున వచ్చినను వ్రాయవలెను, ఆలస్యముగా వచ్చినను వ్రాయవలెను, మంచుచే ఏమియు కనబడకున్నను ఆ సంగతియే వ్రాయవలెను. ప్రతి మాసాంతమున యవలు, ఖర్జూరములు, నువ్వులు, ఉన్ని మొదలగువాని ధరలును వ్రాసిరి. కరువుభత్యము లెక్కకట్టువారికి ఇంత దీర్ఘమైన ధరలపట్టిక ప్రపంచమున మరియొకటి దొరకుట కష్టము. 

క్రీ. పూ. 136 ఏప్రిల్ 15వ తేదీన బాబిలోనులో సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. శుక్రబుధులు కనబడిరనియు, మౌఢ్యమందున్న గురుకుజులు సైతము ఆ చీకటిలో కనబడిరనియు ఫలకములు చెప్పుచున్నవి. భూభ్రమణవేగము నాటినుండి నేటివరకు ఒక్కటిగానే యున్నదని భావించి లెక్కించినచో ఆ నీడ బాబిలోనుకు సుమారు నలుబది తొమ్మిది రేఖాంశభాగములు పడమట, మధ్యధరాసముద్రపు పశ్చిమభాగమున పడవలెను. బాబిలోనులో పడినదనగా, భూమి మెల్లమెల్లగా మందగించుచున్నదని అర్థము. దినప్రమాణము శతాబ్దమునకు సెకనులో వెయ్యవవంతుకు రెండింతలకు కొంచెము తక్కువగా పెరుగుచున్నది. ఈ సూక్ష్మమును నేటి శాస్త్రజ్ఞులు తేల్చుటకు భూతములకు భయపడిన ఆ లేఖకుల తేదీలే ఆధారమాయెను. గ్రహణములు 18 సంవత్సరముల 11 దినములకు కొన్ని గంటలు మించిన కాలమునకు మరల అదే తీరున వచ్చునని కనుగొన్నవారును వారే. ఆ చక్రమునకు నేడు సారోస్ అని పేరు.

మన దేశకథయు ఇట్టిదే. శని రోహిణీశకటమును భేదించినచో లోకమునకు పన్నెండేండ్ల క్షామమని జ్యోతిష్కులు చెప్పగా, దశరథమహారాజు రథమెక్కి నక్షత్రమండలమునకు పోయి శనిని ఎదుర్కొనెనని పాద్మపురాణకథ. శని ఆ ధైర్యమునకు మెచ్చి వరమిచ్చెను. శనివారమునాడు మన స్త్రీలు చదువు దశరథప్రోక్త శనిస్తోత్రము ఆ సందర్భమునదే. వరాహమిహిరుడును రోహిణీశకటభేదమును లోకనాశకముగా చెప్పెను. రోహిణీశకటమనగా వృషభరాశియందు బండియాకారమున కనబడు తారల గుంపు. శని దానిలో చొరవలెనన్నచో క్రాంతివృత్తమునుండి దక్షిణముగా రెండున్నర భాగములకు మించి తొలగవలెను. వృషభమున అతని విక్షేపము అంత లేదు. 1520 ప్రాంతమున గ్రహలాఘవము రచించిన గణేశదైవజ్ఞుడు ఈ సంగతి గుర్తించి, శని కుజుల శకటభేదము యుగాంతరమున జరుగవచ్చును గాని ఈ కాలమున కాదనెను. పురాణకర్త భయమును చెప్పెను, గణకుడు దానిని కొలిచెను. ఇద్దరును ఒకే సంప్రదాయమువారు.

రాహువు విషయమున ఈ సంఘర్షణ మరింత బహిరంగముగా జరిగెను. గ్రహణము ఛాయవలన కలుగునని ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున చెప్పెను. వరాహమిహిరుడును అట్లే చెప్పి, మరల గ్రహణశకునములను పుటలకొలది వ్రాసెను. బ్రహ్మగుప్తుడు ఛాయను గుణించుచునే వేదస్మృతులకొరకు రాహుపక్షమును సమర్థించెను. వరాహమిహిరుని పంచసిద్ధాంతికలో బాబిలోనునుండి యవనులద్వారా వచ్చిన గ్రహగణితరీతులు గలవని ఆధునికులు చూపిరి. వారములకు గ్రహనామములును ఆ మార్గముననే వచ్చెను. మధ్యప్రదేశములోని ఏరణ్ శాసనము, క్రీ. శ. 484 నాటిది, గురువారమును పేర్కొనుచున్నది. ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపుననే జరుగలేదు. బాబిలోనియనులు చాంద్రమాసమును ముప్పది సమభాగములుచేసి లెక్కించిరి గాని ఆ భాగమునకు ప్రత్యేకనామ మేదియు పెట్టలేదు. ఇరువదవ శతాబ్దమున వారి గణితమును వివరించిన ఆటో నోయ్‌గెబవర్ దానికి మన సంస్కృతపదమునే వాడెను: తిథి. మన తెలుగువారిలో మల్లికార్జునసూరి 12వ శతాబ్దముననే సూర్యసిద్ధాంతమునకు తెనుగున వ్యాఖ్య వ్రాసెను.

పిమ్మటి అధ్యాయము తెలుగుగడ్డపైననే జరిగెను. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆంధ్రదేశముమీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున దుర్భిణి నిలిపెను. ఆంగ్లేయుడు టెన్నంటు కూడ అచటనే యుండెను. మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ మచిలీపట్టణమునకును, చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికిని పోయిరి. రాహుగ్రస్తుడైన సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటదర్శినిలో చూచి, జాన్సెన్ మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూడగలిగెను. ఆ గ్రహణమున కనబడిన పసుపుపచ్చని రేఖయే హీలియమను క్రొత్త మూలకమునకు తొలి జాడ. భూమిపై అది 1895లో గాని దొరకలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్సునందు స్వంతధనముతో నెలకొల్పిన నక్షత్రశాలనుండి అతని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను పరిశీలించెను. అమ్మిసదూకుని లేఖకులు మౌఢ్యమన్న కాలముననే జరుగు సంఘటన యది. వారికి శుక్రుడు కనబడక భయము కలిగెను. విశాఖలో అదే శుక్రుడు నల్లని చుక్కయై కనబడెను.

1902లో వాల్తేరు–కటకము రైలుమార్గము బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరెను. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళప్రాంతముల కుటుంబములు అనేకములు ఆ మార్గముననే ఖరగ్‌పూరునకు వచ్చి స్థిరపడెను. ఆ విజయనగరముననే 1910లో గురజాడ అప్పారావు హాలీ తోకచుక్కను చూచెను. ఆ యేడు మే 6వ తేదీన ఎడ్వర్డు చక్రవర్తి మరణించెను. తోకచుక్క రాజునకు అరిష్టమన్న మాట మరల వినబడెను. భూమి దాని తోకగుండా పోవునని తెలిసి అమెరికాలో విషవాయువునకు మందుమాత్రలు సహితము అమ్మిరి. గురజాడ మాత్రము ‘ముత్యాలసరము’లలో ఆ తోకచుక్కను అరిష్టముగా గాక సంఘసంస్కరణప్రయాణమునకు పతాకగా భావించెను. అదే తోకచుక్కను క్రీ. పూ. 164లోను, 87లోను బాబిలోను లేఖకులు తమ దినచర్యలో వ్రాసికొనిరని 1985లో ఫలకములను పరిశీలించి పండితులు తెలిపిరి.

1962 నాటి అష్టగ్రహకూటమి గ్రహణమును బాబిలోనియనుల సారోస్ చక్రముతో ముందునకు లెక్కించినచో 1980 ఫిబ్రవరి 16వ తేదీ వచ్చును. ఆనాటి మధ్యాహ్నము సంపూర్ణగ్రాసపు నీడ తెలంగాణముమీదుగా, ఒరిస్సాలోని కోణార్కము మీదుగా సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూరు నక్షత్రశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులచెంత నిలిచియుండగా, నగరముల వీథులు భయముచే నిర్మానుష్యములాయెను. మరల 1998లో, మరల 2016లో అదే వంశపు గ్రహణము ఇతరదేశములలో కనబడెను. తరువాతిది 2034 మార్చి 20వ తేదీన; దాని నీడ ఆఫ్రికా, అరేబియా, ఇరానులమీదుగా వచ్చి కాశ్మీరప్రాంతమును తాకిపోవును.